అమ్మానాన్నలతో వారం రోజులు ట్రినిడాడ్, టొబాగోల్లో: ఏం చూడాలి, ఏం తినాలి

మీరు అడిగింది ఇదీ. ఉండేది న్యూజెర్సీలో. జూలైలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. పిల్లలతో సహా అందరూ కలిసి వారం రోజులు ఏదైనా కరీబియన్ దీవికి వెళ్లాలి. అమ్మగారు శాకాహారి, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, పిల్లలకి సముద్రం కావాలి, మీకేమో రిసార్టు గోడల మధ్యే వారమంతా గడపడం ఇష్టం లేదు.

ఇన్ని షరతులకీ సరిపోయేది ట్రినిడాడ్, టొబాగో అనే రెండు దీవుల దేశం అండీ. కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో చేసి, అక్కణ్ణుంచి ట్రినిడాడ్‌లోని పాయింట్ లీసాస్‌లో ఒక అమ్మోనియా ప్లాంటుకి వెళ్లాను. పదకొండేళ్లు అక్కడే ఉన్నాం. మా పిల్లల చదువు మొదలైంది అక్కడే. మా అత్తగారు మూడుసార్లు వచ్చి ఉండి వెళ్లారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. అందుకే ఇది కాస్త ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

బీచ్ ఒక్కటే చాలనుకుంటే బార్బడోస్, ఆంటిగ్వా చాలా బాగుంటాయి. కాదనను. కానీ ఇంటి తిండికి అలవాటుపడిన పెద్దావిడ వారం పాటు బంగాళాదుంప వేపుడు, సలాడ్‌తో నెట్టుకురావడం కష్టం. ట్రినిడాడ్‌లో ఆ బాధ ఉండదు. 1845 మే 30న ఫాటెల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి కూలీలను తెచ్చి అక్కడ దించింది. 1917 వరకు అలా లక్షా నలభై వేల మందికి పైగా చెరకు తోటల్లో పనికి వెళ్లారు. ఎక్కువమంది భోజ్‌పురి మాట్లాడే వాళ్లు. మద్రాసు రేవు నుంచి ఎక్కిన వాళ్లలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. భాష పోయింది కానీ తిండి పోలేదు. కరివేపాకుని అక్కడ ఇప్పటికీ 'కరపిల్లె' అంటారు. ఇంగ్లిష్ తప్ప మరో భాష రాని ముసలావిడ నోట ఆ మాట విన్నప్పుడు మా అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తిండి దగ్గరికి వెళ్లే ముందు కాగితాల సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే ఒకదానికి ముందుగా టైం కావాలి. ట్రినిడాడ్ నుంచి వచ్చేవాళ్లని ఇండియా ఎల్లో ఫీవర్ జాబితాలో పెట్టింది. అక్కణ్ణుంచి బయల్దేరిన ఆరు రోజుల లోపు అమ్మానాన్నలు ఇండియాలో దిగితే టీకా సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకుని ఉండాలి. అరవై దాటిన వాళ్లకి ఆ టీకాతో కొన్ని ఇబ్బందులు రావచ్చు కాబట్టి డాక్టర్‌ని అడగందే వేయించవద్దు. నా సలహా ఏమిటంటే, ఈ ట్రిప్పు వాళ్ల మకాంలో ముందు భాగంలో పెట్టుకోండి. తిరిగొచ్చాక న్యూజెర్సీలో రెండు మూడు వారాలు మీతో ఉండి ఆ తర్వాత ఇండియా వెళ్తే ఈ టెన్షనే ఉండదు.

ఇండియన్ పాస్‌పోర్ట్‌తో టూరిస్టుగా వెళ్లడానికి ట్రినిడాడ్ వీసా అక్కర్లేదు. అయినా టికెట్లు కొనేముందు వాళ్ల కాన్సులేట్ పేజీ ఒకసారి చూసుకోండి. అసలు చూసుకోవాల్సింది మీ అమెరికా వీసా. మీరు హెచ్-1బీ మీద ఉంటే పాస్‌పోర్ట్‌లో స్టాంపింగ్ గడువు మిగిలి ఉండాలి. హెచ్-1బీ ఆమోదించినట్టు ఇచ్చే ఐ-797 కాగితం ఒక్కటి చేతిలో పెట్టుకుని కరీబియన్ నుంచి వెనక్కి రాలేరు. అమ్మానాన్నల విజిటర్ వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా అన్నది కూడా చూడండి.

ఇంకో మాట. జూలై అక్కడ వానాకాలం. జూన్ నుంచి డిసెంబర్ దాకా వానలే. అలాగని ప్లాన్ మార్చుకోకండి. మన శ్రావణమాసపు ముసురులా ఉండదు. మధ్యాహ్నం ఒక గంట దంచి కొట్టి వెలిసిపోతుంది. పెద్ద తుపాన్లు సాధారణంగా ఈ దీవులకి ఉత్తరంగా పోతాయి. టొబాగోని నేరుగా కొట్టి నాశనం చేసింది 1963లో వచ్చిన ఫ్లోరా. జూలైలో వెళ్తే రెండు లాభాలు. మామిడిపండ్లు దొరుకుతాయి, తాబేళ్లు కనిపిస్తాయి.

నాలుగు రాత్రులు ట్రినిడాడ్, మూడు రాత్రులు టొబాగో పెట్టుకోండి. ముందు ట్రినిడాడ్. అక్కడ తిరుగుడు ఎక్కువ. టొబాగోలో విశ్రాంతి.

ట్రినిడాడ్‌లో ప్రతి రోజూ డబుల్స్‌తో మొదలవ్వాలి. నూనెలో వేయించిన మెత్తటి చిన్న పూరీల్లాంటివి రెండు, వాటి మీద ఉడికిన శనగల కూర. ఆ పూరీని 'బారా' అంటారు. మైదాలో పసుపు, జీలకర్ర వేసి కలుపుతారు కాబట్టి పసుపు పచ్చగా ఉంటుంది. 1930ల్లో ప్రిన్సెస్ టౌన్‌లో దీన్ అనే కుటుంబం అమ్మడం మొదలుపెట్టింది అంటారు. ముందు ఒక్క బారా మీదే శనగలు వేసేవారట, జనం రెండు బారాలు కావాలని అడగడంతో 'డబుల్స్' అయింది. బండి దగ్గర నిలబడి ఆ చెయ్యి చూడండి. కాగితం ముక్క అరచేతిలో పరుచుకుంటుంది, ఒక బారా పడుతుంది, దాని మీద సగం ఎక్కేలా రెండోది, గరిటెడు శనగలు, తర్వాత చింతపండు చట్నీ, కీర తురుము, 'షాడో బెని' పచ్చడి. కాగితం రెండు కొసలూ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పితే పొట్లం. ఇదంతా మీరు జేబులోంచి డబ్బు తీసేలోగా అయిపోతుంది. షాడో బెని అంటే పొడవాటి ఆకులుండే ఒక రకం కొత్తిమీర, వాసన మన కొత్తిమీర కంటే ఘాటు. ధర ఒక అమెరికా డాలర్‌కి కాస్త అటూ ఇటూ. చిల్లర ట్రినిడాడ్ డాలర్లు దగ్గర పెట్టుకోండి, బండ్ల దగ్గర కార్డు నడవదు.

వాళ్లు అడిగే ఒకే ఒక ప్రశ్న 'పెప్పర్?' అని. మొదటి రోజు 'స్లైట్' అనండి. గుంటూరు కారం తిన్నవాళ్లం కదా అని ధీమాగా 'ప్లెంటీ' అనకండి. అక్కడి మిరపకాయ జాతి వేరు, మన సన్నాల కంటే ఎన్నో రెట్లు ఘాటు. 2012లో అమెరికాలోని న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ప్రపంచంలోకెల్లా ఘాటైన మిరప అని తేల్చింది ట్రినిడాడ్ మొరుగా స్కార్పియన్‌నే. పిల్లలకి 'నో పెప్పర్' అని రెండుసార్లు చెప్పండి.

డబుల్స్ పొద్దుటి తిండి. ఆరింటికి, ఏడింటికి వెళ్తే వేడివేడిగా ఉంటాయి. పేరున్న బండ్ల దగ్గర పదయ్యేసరికి గిన్నె ఖాళీ. అమ్మగారికి నిశ్చింతగా పెట్టవచ్చు.

మధ్యాహ్నం రోటీ. రెండు రకాలు తప్పకుండా తినాలి. ఒకటి దాల్‌పూరి. ఉడికించి పొడి చేసిన పప్పుని లోపల పెట్టి పల్చగా ఒత్తి కాలుస్తారు. తీపి లేని బొబ్బట్టు అనుకోండి, కాకపోతే విస్తరంత ఉంటుంది. రెండోది 'బస్-అప్-షట్'. చిరిగిపోయిన చొక్కా అని ఆ మాటకి అర్థం. పెద్ద పరాటాని పెనం మీదే రెండు చెక్క గరిటెలతో కొట్టి కొట్టి పీలికలు చేస్తారు. వీటితోపాటు కూరలు మీరే ఎంచుకోవాలి. అమ్మగారికి గుమ్మడికాయ, ఆలూ శనగలు, భాజీ అనే ఆకుకూర, 'బోడి' అనే పొడవాటి బొబ్బర్లకాయ కూర, బెల్లం రుచితో పుల్లటి మామిడికాయ కూర. ఈ మామిడికాయ కూర వదలకండి. మాంసం తినేవాళ్లకి మేక కూర, బాతు కూర. అక్కడి కూరపొడిలో ఎండుమిరప కారం ఉండదు, జీలకర్ర, పసుపు ముందుంటాయి. మొదట చప్పగా అనిపిస్తుంది, రెండో రోజుకి నాలుక సర్దుకుంటుంది.

పొద్దున డబుల్స్ వద్దనుకున్న రోజు సాదా రోటీ, బైగన్ చోకా అడగండి. వంకాయ నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, మెదిపి, వెల్లుల్లి వేసి, కాగిన నూనె చుయ్యిమని పోస్తారు. మన కాల్చిన వంకాయ పచ్చడికి అక్కచెల్లెలు. టమాటాతోనూ అలాగే చేస్తారు.

శాకాహారికి మూడు చోట్ల జాగ్రత్త. కలలూ అనే ఆకు పులుసు చూడ్డానికి మన తోటకూర పప్పులా ఉంటుంది, కానీ చాలామంది అందులో పీత గానీ ఉప్పు మాంసం గానీ వేస్తారు. పెలావ్ అంటే పేరు పులావే అయినా మామూలుగా చికెన్ ఉంటుంది. మెకరోనీ పైలో గుడ్డు పడుతుంది. ఏది తీసుకున్నా 'మాంసం, చేప, గుడ్డు లేకుండా' అని విడమరిచి అడగండి. హిందువులు చాలామందే ఉన్న దేశం, వాళ్ల ఇళ్లలోనూ పూజలప్పుడు మాంసం ముట్టరు, కాబట్టి అడిగితే వింతగా చూడరు.

ఒక సాయంత్రం దక్షిణాన డెబే ఊరికి వెళ్లండి. రోడ్డు పక్కన వరుసగా దుకాణాలు, అన్నీ వేపుళ్లే. పులౌరి అంటే పప్పు పిండి బోండాలు, చింతపండు లేదా మామిడి చట్నీతో. బైగనీ అంటే వంకాయ బజ్జీ. సహీనా అంటే చేమాకులకి పప్పు పిండి రాసి, చుట్టి, కోసి వేయించినది. మా అత్తగారు మొదటిసారి సహీనా కొరికి, 'ఇది మా అమ్మ చేసేది' అని అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయారు. స్వీట్లలో కుర్మా, పాకం పట్టిన మన గవ్వల బంధువు. షుగర్ కేక్ అచ్చంగా కొబ్బరి లౌజు, కాస్త గులాబీ రంగు వేస్తారు.

ఇక జూలై మామిడి. జూలీ అనే రకం చిన్నది, పీచు తక్కువ, తేనె. స్టార్చ్ అనే రకం రసాలకి పనికొస్తుంది. దోరకాయ దొరికితే 'చౌ' చేయించుకోండి. ముక్కలకి ఉప్పు, వెల్లుల్లి, షాడో బెని, పచ్చిమిర్చి పట్టించి చేత్తో తింటారు.

గోంగూర సంగతి చెప్పకపోతే నాకు తోచదు. అక్కడ సోరెల్ అని ఎర్రటి చల్లని షరబత్తు అమ్ముతారు. క్రిస్మస్‌కి ప్రతి ఇంట్లో ఉంటుంది, సీసాల్లో ఏడాదంతా దొరుకుతుంది. అది గోంగూర జాతి మొక్కే. పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి రేకులను మరిగించి, లవంగం, చెక్క, పంచదార వేసి చేస్తారు. మా వీధిలో ఎవరూ ఆకు వండేవారు కాదు. పక్కింటాయన పెరట్లో మొక్కలు చూసి ఆకు కోసుకోవచ్చా అని అడిగితే ఆశ్చర్యపోయి సంచీ నింపి ఇచ్చాడు. ఆ రాత్రి మా ఇంట్లో గోంగూర పచ్చడి, మర్నాడు ఆయనింటికి ఒక గిన్నె వెళ్లింది. ఆ తర్వాత ఏటా ఆకు ఆయనే తెచ్చిచ్చేవాడు.

ఇప్పుడు చూసేవి. ఒక్కటే చూడగలిగితే కరోనీ చిత్తడి అడవి చూడండి. నాలుగు గంటలకి పడవలు బయల్దేరతాయి. మడ చెట్ల మధ్య సన్నటి కాలువలో పడవ నెమ్మదిగా పోతుంది. మన కోరింగ చూసినవాళ్లకి ఆ నీళ్లు, ఆ వేళ్లు కొత్త కాదు. కొమ్మ మీద చుట్టుకుని పడుకున్న పాముని పడవవాడు చూపిస్తాడు. తర్వాత పడవ ఒక వెడల్పాటి మడుగులోకి వచ్చి ఇంజిన్ ఆపుతుంది. ఎదురుగా ఒక పచ్చటి లంక. ఆరింటికి దగ్గర్లో ముందు రెండు పక్షులు, తర్వాత పది, తర్వాత గుంపులు గుంపులుగా స్కార్లెట్ ఐబిస్‌లు వచ్చి వాలుతాయి. కుంకుమ రంగు. పచ్చటి చెట్టంతా మోదుగ పూసినట్టు అయిపోతుంది. పుట్టినప్పుడు ఇవి బూడిద రంగులో ఉంటాయి, రొయ్యలు, పీతలు తిని తిని ఆ ఎరుపు వస్తుంది. నాన్నగారికి నడిచే పని లేదు, కూర్చుంటే చాలు. దోమల మందు రాసుకుని వెళ్లండి.

మర్నాడు వాటర్లూ ఊళ్లో సముద్రంలో ఉన్న గుడి. శివదాస్ సాధు అనే చెరకు కూలీ 1947లో ఒడ్డున గుడి కట్టుకున్నాడు. ఆ నేల చక్కెర కంపెనీది. కూలగొట్టించారు, ఆయన్ని జైల్లో పెట్టారు. బయటికి వచ్చి, నేల ఎవరిదో ఒకరిది అవుతుంది, సముద్రం ఎవరిదీ కాదు కదా అని నీళ్లలో కట్టడం మొదలుపెట్టాడు. సైకిల్ మీద రాళ్లు, సిమెంటు మోసుకుని, ఆటుకి నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు కొంచెం కొంచెంగా పోసుకుంటూ ఏళ్ల తరబడి కట్టాడు. భారతీయులు వచ్చి 150 ఏళ్లయిన సందర్భంగా 1995లో ప్రభుత్వం ఆ గుడిని పూర్తి చేసింది. సన్నటి దారి మీద నడిచి వెళ్లాలి, మెట్లు పెద్దగా లేవు. పోటు ఉన్నప్పుడు వెళ్లండి, అప్పుడే గుడి చుట్టూ నీళ్లుంటాయి. అక్కడికి దగ్గర్లోనే కారపిచైమాలో 85 అడుగుల హనుమంతుడు, దత్తాత్రేయ ఆలయం ఉన్నాయి. మైసూరు దత్తపీఠం గణపతి సచ్చిదానంద స్వామీజీ ఆధ్వర్యంలో కట్టినది. అమ్మగారికి గోపురం చూడగానే మన ఊరి గుడికి వచ్చినట్టు ఉంటుంది.

మరాకస్ బీచ్‌కి ఒక పూట చాలు. కొండల మీదుగా వెళ్లే రోడ్డే అసలు అందం. అలలు బలంగా ఉంటాయి, ఎర్ర జెండాలున్న చోట పిల్లల్ని దింపవద్దు. అక్కడ బేక్ అండ్ షార్క్ ప్రసిద్ధి, వేయించిన రొట్టెలో సొరచేప. సొరచేపలు తగ్గిపోతున్నాయి కాబట్టి నేను వేరే చేప పెట్టించుకుంటాను, మీరూ అలాగే అడగమని నా మనవి. లా బ్రేలోని తారు సరస్సు సుమారు వంద ఎకరాలు. 1595లో వాల్టర్ రాలీ అనే ఇంగ్లిష్ నావికుడు తన ఓడల పగుళ్లు ఆ తారుతోనే పూడ్పించాడు. చదువుకునే పిల్లలకి బాగుంటుంది, అక్కడి గైడ్ లేకుండా అడుగు పెట్టవద్దు, మెత్తటి చోట్లు ఉంటాయి.

తాబేళ్లకి గ్రాండ్ రివియేర్ వెళ్లాలి. ఉత్తర తీరపు చివర, మూడు గంటల ప్రయాణం, ఒక రాత్రి అక్కడే ఉండాలి. మార్చి నుంచి ఆగస్టు వరకు పర్మిట్, గైడ్ లేనిదే బీచ్‌లోకి రానివ్వరు. జూలైలో గుడ్లు పెట్టడానికి వచ్చే లెదర్‌బ్యాక్ తాబేళ్లు తగ్గుతుంటాయి కానీ, గుడ్లు పగిలి పిల్లలు సముద్రం వైపు పాకడం చూస్తారు. ఫోన్ ఫ్లాష్ వేయకూడదని పిల్లలకి ముందే చెప్పండి. నాన్నగారు మూడు గంటలు కారులో కూర్చోలేరనిపిస్తే ఇది వదిలేయండి.

టొబాగోకి విమానంలో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. జూలైలో సీట్లు త్వరగా నిండిపోతాయి, ముందే కొనండి. ఫెర్రీ ఉంది కానీ కెరటాలకి కడుపులో తిప్పుతుంది, పెద్దవాళ్లతో వద్దు. క్రౌన్ పాయింట్ దగ్గర దిగితే ఎయిర్‌పోర్టు, స్టోర్ బే, పిజన్ పాయింట్ బీచ్‌లు అన్నీ దగ్గర. పిజన్ పాయింట్‌లో అలలు తక్కువ, నీళ్లు పచ్చలా మెరుస్తాయి. అక్కణ్ణుంచి అడుగున అద్దం ఉన్న పడవలో బుకూ పగడపు దిబ్బకి, తర్వాత నైలాన్ పూల్‌కి తీసుకెళ్తారు. తీరానికి అంత దూరంలో, సముద్రం మధ్య, నడుము లోతు నీళ్లు, కింద తెల్లటి ఇసుక. ఈత రాని నాన్నగారు కూడా పడవ నిచ్చెన పట్టుకుని దిగి నిలబడవచ్చు. పగడాల మీద మాత్రం ఎవరూ కాలు పెట్టవద్దు, తొక్కితే చచ్చిపోతాయి.

ఒక ఉదయం మెయిన్ రిడ్జ్ అడవికి వెళ్లండి. వానలు తగ్గకూడదని 1776 ఏప్రిల్ 13నే చట్టం చేసి కాపాడిన అడవి ఇది. గిల్పిన్ ట్రేస్ అనే దారిలో బురద ఉంటుంది, బూట్లు అద్దెకిస్తారు. నాన్నగారు మొదట్లోనే కూర్చుని పక్షుల్ని చూస్తే సరిపోతుంది. చంద్రుడు లేని రాత్రులు తగిలితే బాన్ అకార్డ్ మడుగులో కయాక్ ఎక్కండి, తెడ్డు వేసినప్పుడల్లా నీళ్లు నీలంగా వెలుగుతాయి. పిల్లలు జీవితాంతం చెప్పుకుంటారు. తిండికి స్టోర్ బేలో పీత, డంప్లింగ్ పేరుపొందినది. అమ్మగారికి బెనె బాల్స్ కొనండి, మన నువ్వుల ఉండలే.

భద్రత గురించి దాచకుండా చెప్తాను. ట్రినిడాడ్‌లో నేరాలు నిజంగానే ఉన్నాయి, ఈమధ్య ఎమర్జెన్సీ కూడా పెట్టారు. బయల్దేరే ముందు అమెరికా ప్రభుత్వ ప్రయాణ సూచనలు చదవండి. చీకటి పడ్డాక రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో నడవవద్దు. అమ్మగారి బంగారం ఇంట్లో పెట్టించండి. మీరు దిగిన చోటివాళ్లు చెప్పిన డ్రైవర్‌నే నాలుగు రోజులకీ మాట్లాడుకోండి. సొంతంగా నడపాలంటే అక్కడ మనలాగే ఎడమవైపు. మిలిటరీ డిజైన్ బట్టలు అక్కడ చట్టరీత్యా నిషేధం, పిల్లల టీషర్టులూ, టోపీలూ ఒకసారి చూసి సర్దండి.

తిరుగు ప్రయాణంలో పియార్కో ఎయిర్‌పోర్టు బయట కూడా డబుల్స్ అమ్ముతారు, విమానం ఎక్కేముందు చివరిసారి తినండి. ఇంటికి కుచేలా సీసాలు రెండు తీసుకోండి. పచ్చి మామిడి తురుముని మసాలా, ఆవనూనెలో ఊరబెట్టినది, పెరుగన్నంలోకి చాలా బాగుంటుంది. సీల్ తీయకుండా చెక్-ఇన్ బ్యాగులో పెట్టి, దిగాక ఫారంలో రాయండి. జూలీ మామిడిపండ్లు మాత్రం అక్కడే తినేసి రండి, పచ్చి పండ్లు అమెరికాలోకి రానివ్వరు.